లివర్‌కి యాంటీఆక్సిడెంట్ బిళ్ల: ఏది కొనాలి, ఏది వద్దు, అసలు ఎవరికి అవసరం

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మందుల షాపుల్లో లివర్ పేరు మీద అమ్ముడుపోయే సీసాలు ఈ మధ్య బాగా పెరిగాయి. ఒకప్పుడు కామెర్లు వస్తేనే లివర్ గుర్తొచ్చేది. ఇప్పుడు గ్యాస్ నొప్పి అని స్కానింగ్‌కి వెళ్లినవాళ్ల రిపోర్టులో కూడా 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్', అంటే లివర్‌లో కొద్దిగా కొవ్వు చేరిందని రాసి వస్తోంది. ఆ కాగితం పట్టుకుని నేరుగా కౌంటర్ దగ్గరికి వస్తారు. "బాబూ, ఫ్యాటీ లివరంట, మంచి బిళ్లేటైనా ఉందేటి?" ఫార్మసిస్టుగా నేను రోజూ వినే ప్రశ్న ఇది. కౌంటర్ దగ్గర రద్దీలో సరిగ్గా చెప్పడం కుదరదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా చెబుతున్నాను.

ఏ సీసా మంచిదో చూసేముందు మీ లివర్‌కి వచ్చిన ఇబ్బంది ఏమిటో తేలాలి. అది తేలకుండా కొంటే సిలిమారిన్ అయినా, విటమిన్ ఇ అయినా, గ్లూటాథయోన్ అయినా డబ్బు దండగే. కొన్నయితే హాని కూడా చేస్తాయి.

మన ప్రాంతంలో ఈ మాట మరీ ముఖ్యం. మలేరియా ముదిరితే కళ్లు పచ్చబడతాయి. సికిల్ సెల్ ఉన్నవాళ్లకు ఎర్ర రక్తకణాలు పగిలిపోవడం వల్ల పచ్చదనం ఎప్పుడూ కొంత ఉంటూనే ఉంటుంది, అందులో లివర్ తప్పు ఉండకపోవచ్చు. టీబీ కోర్సులో ఉండే ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్‌ని దెబ్బతీయగల మందులే. ఇప్పసారా, జీలుగు కల్లు రోజూ పడేవాళ్ల కథ వేరు. హెపటైటిస్ బి, సి వైరస్‌లు ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యకుండా లోపల ఉంటాయి. వీటన్నిటికీ ఒకే 'లివర్ బిళ్ల' ఎలా సరిపోతుంది?

కాబట్టి బిళ్ల కొనే డబ్బులో కొంత ముందు రక్తపరీక్షకు పెట్టండి: ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు), బిలిరుబిన్ (కామెర్ల పచ్చదనానికి కారణం), ప్లేట్‌లెట్లు, షుగర్, హెపటైటిస్ బి, సి. ఇందులో హెపటైటిస్ బి గానీ సి గానీ ఉన్నట్టు తేలితే సప్లిమెంట్ సంగతి అక్కడితో ఆపేయండి. 2018 జూలైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ రెండిటికీ మందులు ఉచితం. జిల్లా ఆస్పత్రిలో అడిగితే దగ్గర్లోని చికిత్స కేంద్రం ఎక్కడో చెబుతారు. హెపటైటిస్ సి అయితే సాధారణంగా పన్నెండు వారాల బిళ్లలతో నూటికి తొంభైకి పైగా రోగుల్లో పూర్తిగా పోతుంది. అలాంటి జబ్బు పెట్టుకుని నెలల తరబడి మూలికల క్యాప్సూల్స్ మింగేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

ఫ్యాటీ లివర్ అని తేలినవాళ్లు ఒక చిన్న లెక్క చేసుకోవచ్చు. దీన్ని ఫిబ్-4 అంటారు. వయసును ఎస్‌జీఓటీతో గుణించండి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఉదాహరణకు వయసు 50, ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు రెండు లక్షలు. 50 ఇంటూ 40 అంటే 2000. 64కి వర్గమూలం 8, దాన్ని 200తో గుణిస్తే 1600. భాగిస్తే 1.25. ఇది 1.3 కన్నా తక్కువ కాబట్టి లివర్ గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. అదే మనిషికి ప్లేట్‌లెట్లు లక్షా ఇరవై వేలే ఉంటే లెక్క 2.08కి పోతుంది. అప్పుడు లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ చేయించాలి. 2.67 దాటితే ఆలస్యం చెయ్యకుండా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాలి. అరవై అయిదు దాటినవాళ్లకు కింది హద్దు 1.3 బదులు 2.0 అని చూస్తారు. ఒక జాగ్రత్త ఉంది. మలేరియా, డెంగీ జ్వరాల్లో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, సికిల్ సెల్ ఉంటే ఎస్‌జీఓటీ లివర్‌తో సంబంధం లేకుండా పెరగొచ్చు. జ్వరం తగ్గాక చేయించిన రిపోర్టుతోనే ఈ లెక్క వెయ్యండి. సికిల్ సెల్ ఉన్నవాళ్లయితే దీన్ని డాక్టరుకే వదిలెయ్యండి.

యాంటీఆక్సిడెంట్ గోల ఎందుకొచ్చింది

లివర్ కణాల్లో కొవ్వు పేరుకున్నప్పుడు దాన్ని కాల్చే పనిలో కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ ఎక్కువ పుడతాయి. సారా విరిగేటప్పుడూ అంతే. వాటిని అణచడానికి లివర్ దగ్గర గ్లూటాథయోన్ అనే సొంత నిల్వ ఉంటుంది. నిల్వ తరిగితే కణం దెబ్బతింటుంది. బయటినుంచి యాంటీఆక్సిడెంట్ ఇస్తే ఆ నష్టం ఆగుతుందన్నది సీసా అమ్మేవాళ్ల వాదన. వాదన తప్పు కాదు. కానీ ఒంట్లోకి వెళ్లాక ఏ పదార్థం ఎంత పని చేసిందో మనుషుల మీద పరీక్షించి చూస్తే ఒక్కొక్కదాని సంగతి ఒక్కోలా ఉంది.

విటమిన్ ఇతో మొదలుపెడతాను, ఎందుకంటే గట్టి ఆధారం ఉన్నది దీనికే. 2010లో అమెరికాలో పివెన్స్ అనే పరీక్ష ఫలితాలు వచ్చాయి. లివర్‌లో కొవ్వుతో పాటు వాపు కూడా ఉండి, షుగర్ జబ్బు లేని 247 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజుకు 800 యూనిట్ల విటమిన్ ఇ 96 వారాలు ఇచ్చారు. బయాప్సీ చేసి, అంటే లివర్ నుంచి చిన్న ముక్క తీసి చూస్తే విటమిన్ తీసుకున్నవాళ్లలో 43 శాతం మందికి, మందు లేని ఉత్తుత్తి బిళ్ల తీసుకున్నవాళ్లలో 19 శాతం మందికి మెరుగుదల కనిపించింది. అయితే మచ్చగట్టిన భాగం మాత్రం తగ్గలేదు. ఆ జట్టులో షుగర్ ఉన్నవాళ్లు లేరు, సిర్రోసిస్ (లివర్ పూర్తిగా మచ్చగట్టి గట్టిపడడం) వచ్చినవాళ్లూ లేరు. స్కానింగ్‌లో గ్రేడ్ 1 అని రాసిన ప్రతివాళ్లకూ ఈ లెక్క వర్తించదు.

మన దగ్గర జుట్టుకీ చర్మానికీ అని కొనే ఆకుపచ్చ ఎవియాన్ 400 క్యాప్సూల్ ఇదే విటమిన్. చవక, ఏ షాపులోనైనా దొరుకుతుంది. అందుకే చాలామంది రెండేసి చొప్పున సొంతంగా మొదలుపెడతారు. అక్కడే ఆగమంటాను. 35 వేల మందికి పైగా మగవాళ్ల మీద జరిగిన సెలెక్ట్ అనే పరీక్షలో రోజుకు 400 యూనిట్లు తీసుకున్నవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ కనిపించిందని 2011లో తేలింది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు రక్తస్రావం ముప్పు కూడా ఉంది. యాభై దాటిన మగవాళ్లు, గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు డాక్టర్ రాయకుండా పెద్ద మోతాదులో దీన్ని ముట్టుకోకూడదు. డాక్టరు రాసి, ఎన్నాళ్లో చెప్పి, మధ్యలో పరీక్షలు చూస్తానంటే వాడండి.

సిలిమారిన్ సంగతి దీనికి తలకిందులు. హాని తక్కువ, ఫలితమూ తక్కువే. మిల్క్ థిసిల్ అనే ముళ్ల మొక్క గింజల నుంచి తీస్తారు. మన షాపుల్లో 70, 140 మిల్లీగ్రాముల బిళ్లలుగా దొరుకుతుంది, చాలామంది డాక్టర్లు రాస్తారు కూడా. ఎస్‌జీపీటీ కొంచెం తగ్గినట్టు చిన్న చిన్న పరీక్షల్లో కనిపించింది. గట్టిగా చూడాలని 2012లో హెపటైటిస్ సి ఉన్న 154 మందికి మామూలు కన్నా చాలా పెద్ద మోతాదు 24 వారాలు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి బిళ్లకూ దీనికీ తేడా రాలేదు. నా దగ్గరికి వచ్చి 'ఏదో ఒకటి వేసుకుంటే గానీ మనసు ఊరుకోదు' అనేవాళ్లకు నేను అడ్డుచెప్పని బిళ్ల ఇదొక్కటే. అదీ రక్తపరీక్ష అయ్యాక, ఒంటిగా సిలిమారిన్ మాత్రమే ఉన్నది, మూడు నెలలకు. చామంతి, బంతి జాతి పూలు పడనివాళ్లకు ఇది కూడా పడకపోవచ్చు. షుగర్ మందులు వాడేవాళ్లు షుగర్ పడిపోతోందేమో చూసుకుంటూ ఉండాలి.

ఎన్-అసిటైల్ సిస్టీన్, పొట్టిగా ఎన్ఏసీ, ఆస్పత్రుల్లో ప్రాణాలు కాపాడే మందు. పారాసిటమాల్ ఎక్కువ మింగినప్పుడు లివర్‌లో విషపదార్థం పుట్టి గ్లూటాథయోన్ నిల్వను ఖాళీ చేస్తుంది. ఎన్ఏసీ ఆ నిల్వను తిరిగి నింపుతుంది. గంటలు లెక్కపెట్టుకుని ఇచ్చే మందు అది. ఆ పేరు చూపించి ఫ్యాటీ లివర్‌కి నీళ్లలో కరిగే బిళ్లలు అమ్మడం వేరే వ్యవహారం. ఫ్యాటీ లివర్‌కి అంత గట్టి రుజువు దానికి లేదు. ఇక నేరుగా గ్లూటాథయోనే మింగితే చాలావరకు పేగులోనే విరిగిపోతుంది. తెల్లబడతామని ఇంజెక్షన్ చేయించుకునే మోజు బరంపురం, విశాఖ దాకా పాకింది. లివర్ పేరు చెప్పి ఆ ఇంజెక్షన్ అమ్మితే వెనక్కి వచ్చేయండి.

పసుపు, గ్రీన్ టీ, తిప్పతీగ

ఇక్కడే చాలామంది నమ్మకం దెబ్బతింటుంది. 'ప్రకృతి నుంచి వచ్చింది కాబట్టి ఏమీ కాదు' అనుకునే మూడు పదార్థాలే లివర్‌ని దెబ్బతీసిన కేసుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి.

కూరలో వేసే పసుపుతో ఏ బాధా లేదు. సీసాలో ఉండేది పసుపు నుంచి పిండి తీసిన కర్క్యుమిన్. అది రక్తంలోకి సరిగా ఎక్కదని మిరియాల సారం పైపరిన్ కలుపుతారు. ఎక్కడం మొదలయ్యాక కొందరి ఒంటికి అది పడదు. 2022లో అమెరికా వైద్యులు పసుపు సప్లిమెంట్ల వల్ల లివర్ దెబ్బతిన్న పదిమంది వివరాలు రాశారు. వారిలో ఏడుగురికి ఒకే రకమైన జన్యు గుర్తు ఉంది. అంటే ఎవరికి పడదో పైకి చూసి చెప్పలేం. గ్రీన్ టీ కూడా అంతే. కప్పులో తాగితే ఫర్వాలేదు. సాంద్రీకరించిన సారం రోజుకు 800 మిల్లీగ్రాముల ఈజీసీజీ (గ్రీన్ టీలోని ముఖ్యమైన యాంటీఆక్సిడెంట్) దాటితే లివర్ ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది.

తిప్పతీగ కోవిడ్ రోజుల్లో ఇంటింటి కషాయం అయింది. 2021లో ముంబై వైద్యులు ఆరుగురి కేసులు బయటపెట్టారు. ఆయుష్ శాఖ ఆ నివేదికను తప్పుపట్టింది. మరుసటేడు దేశంలోని 13 ఆస్పత్రుల నుంచి 43 మంది వివరాలు వచ్చాయి. ఒంటి రక్షణ వ్యవస్థే లివర్ మీద తిరగబడే స్వభావం ఉన్నవాళ్లలో తిప్పతీగ దాన్ని రెచ్చగొడుతోందని వైద్యులు తేల్చారు. థైరాయిడ్, కీళ్లవాతం లాంటి ఆటో ఇమ్యూన్ జబ్బులున్నవాళ్లు దీన్ని వదిలెయ్యడమే క్షేమం.

నేల ఉసిరి గురించి జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే మన ఊళ్లలో పెద్దవాళ్లకు దాని మీద చాలా గురి. 1988లో మద్రాసులో హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు దాన్ని ఇస్తే సగానికి పైగా మందిలో వైరస్ ఆనవాలు పోయిందని ఒక పరిశోధన ప్రపంచమంతా సంచలనం అయింది. హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కూడా అందులో భాగస్వామి. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. మరి పసరు తాగినవాళ్లకు కామెర్లు తగ్గుతున్నాయి కదా అంటారు. నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పసరు తాగినా తాగకపోయినా ఆ మనిషి కోలుకునేవాడే. ప్రమాదం ఎక్కడుందంటే, హెపటైటిస్ ఇ గర్భిణికి ప్రాణాంతకం కావచ్చు. పసరు వేయించుకుని పది రోజులు ఇంట్లో పత్యం చేయిస్తే చేయి దాటిపోతుంది. ఇంకోటి, కామెర్లని ఉప్పు, నూనె మానిపించి మనిషిని నీరసపెట్టొద్దు. తినగలిగింది తిననివ్వండి.

లివ్.52 గురించి అడగకుండా ఎవరూ వెళ్లరు. 1955 నుంచి ఉన్న ఆయుర్వేద మందు అది. సారా వల్ల లివర్ పాడైనవాళ్ల మీద శ్రీలంకలో చేసి 2003లో ప్రచురించిన పరీక్షలో ఆరు నెలలు వాడినా ఉత్తుత్తి బిళ్ల కన్నా మేలు కనిపించలేదు. తాగుతూనే రెండు బిళ్లలు వేసుకుంటే సరిపోతుందన్న ధైర్యమే దాంతో వచ్చే పెద్ద నష్టం.

రెండు సీసాలు ముందు పెట్టుకుంటే

కౌంటర్ మీద రెండు సీసాలు పెట్టాననుకోండి. ఒకదాని మీద 'లివర్ డిటాక్స్' అని పెద్దక్షరాలు, పచ్చని ఆకు బొమ్మ. వెనక్కి తిప్పితే సిలిమారిన్, ఎన్ఏసీ, కర్క్యుమిన్, పైపరిన్, గ్రీన్ టీ సారం, అశ్వగంధ, ఇంకో నాలుగు పేర్లు. అన్నీ కలిపి 'ప్రొప్రైటరీ బ్లెండ్ 1200 మిల్లీగ్రాములు'. ఏది ఎంతో రాయలేదు. రెండోది మామూలు స్ట్రిప్, సిలిమారిన్ 140 అని ఒక్క లైను. నేను రెండోదే చేతికిస్తాను. మొదటిదానితో ఏదైనా తేడా వస్తే పది పదార్థాల్లో దోషి ఎవరో డాక్టరుకు కూడా అంతుపట్టదు. ఆ మొదటి సీసా నెలకు వెయ్యి రూపాయలు దాటినా దాని విలువ దాని ధరలో లేదు.

'మిల్క్ థిసిల్ ఎక్స్‌ట్రాక్ట్ 500 మిల్లీగ్రాములు, 80 శాతం సిలిమారిన్' అని ఉంటే అందులో అసలు సరుకు 400. శాతం రాయకపోతే ఎంతో తెలియదు, కొనొద్దు. అంకెల పక్కన 'రెండు బిళ్లలకు' అని సన్నక్షరాల్లో ఉందేమో చూడండి. హెల్త్ సప్లిమెంట్ అయితే పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) నంబరు, 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' అన్న మాట ఉండాలి. ఆ మాట ఉన్న సీసా మీదే 'ఫ్యాటీ లివర్ మాయం' అని ఉంటే ఆ కంపెనీ తన మాటను తనే కాదంటోంది. కామెర్లు, హెపటైటిస్, లివర్ జబ్బులు నయం చేస్తామని మందుల కంపెనీలు చెప్పుకోకూడదని 1945 నాటి డ్రగ్స్ రూల్స్ షెడ్యూల్ జె లోనే ఉంది. అసలు లేబులే లేని పొడుల పొట్లాలు, సంతలో అమ్మే సీసాలు ఇంట్లోకి రానివ్వకండి. అలాంటివాటిలో సీసం, పాదరసం దొరికిన సందర్భాలున్నాయి.

సిలిమారిన్‌తో సహా దేన్నీ సొంతంగా మొదలుపెట్టకూడనివాళ్లు కొందరున్నారు: గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టీబీ మందుల్లో ఉన్నవాళ్లు, సికిల్ సెల్ లేదా జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్నవాళ్లు, సిర్రోసిస్ అని తేలినవాళ్లు. జీ6పీడీ లోపం మలేరియా ఎక్కువగా ఉన్న మన కొండ ప్రాంతాల్లో అరుదేమీ కాదు. అలాంటివాళ్లకు పెద్ద మోతాదు విటమిన్ సి, అందులోనూ సెలైన్‌లో ఎక్కిస్తే, రక్తకణాలు పగిలిపోవచ్చు.

అదే డబ్బు, అదే శ్రద్ధ వేరే చోట పెడితే ఏమొస్తుందో కూడా పోల్చి చూడాలి. క్యూబాలో 293 మంది ఫ్యాటీ లివర్ రోగులను 52 వారాలు తిండి, నడక మార్పించి గమనించారు. 2015లో ఫలితాలొచ్చాయి. బరువులో పది శాతం తగ్గినవాళ్లలో 90 శాతం మందికి లివర్ వాపు పోయింది, 45 శాతం మందికి మచ్చ కూడా వెనక్కి తగ్గింది. విటమిన్ ఇ చెయ్యలేని పని అది. ఎనభై కిలోల మనిషికి పది శాతం అంటే ఎనిమిది కిలోలు. నాలుగు కిలోలు తగ్గినా కొవ్వు కరగడం మొదలవుతుంది. మూడు పూటలా అన్నం తినే ఇంట్లో ఒక పూట చోడంబలి (రాగి అంబలి), అన్నం తగ్గించి పప్పు, కూర పెంచడం, తీపి డ్రింకులు మానడం, రోజూ చెమట పట్టేలా నడవడం. ఇవి చెయ్యగలిగితే చాలు.

కాఫీ ఒకటి చెప్పాలి. రోజుకు అదనంగా రెండు కప్పులు తాగేవాళ్లలో సిర్రోసిస్ ముప్పు సుమారు 44 శాతం తక్కువగా ఉందని 2016లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసిన సమీక్ష చెప్పింది. తాగేవాళ్లను గమనించి రాసిన లెక్కే కాబట్టి దాన్ని మందుగా చూడను. కానీ చక్కెర లేకుండా తాగగలిగితే మన కోరాపుట్ కొండల్లో పండే కాఫీ ఆ వెయ్యి రూపాయల సీసా కన్నా నయం. సారా తాగేవాళ్లకు మాత్రం కాఫీ, బిళ్ల, పసరు, అన్నిటికన్నా ముందు సారా మానడమే. రోజూ ఎక్కువ తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు కాబట్టి డాక్టరు కనిపెట్టుకుని ఉండగా మానాలి.

ఇవన్నీ విన్నాక కూడా ఒక బిళ్ల మొదలుపెడితే, మొదలుపెట్టే రోజు రిపోర్టు దాచుకోండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఎస్‌జీపీటీ మళ్లీ చేయించండి. పెరిగితే బిళ్ల ఆపాలి. మూడు నెలలకు బరువూ తగ్గక, ఎంజైమూ తగ్గకపోతే ఆ సీసా మళ్లీ కొనకండి. మధ్యలో కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, ఒళ్లంతా దురద పెట్టినా, తిండి సయించకపోయినా అదే రోజు ఆపి ఆస్పత్రికి వెళ్లండి. మనిషి మత్తుగా, తికమకగా మాట్లాడుతుంటే, పొట్ట ఉబ్బితే, రక్తం వాంతి అయితే ఊళ్లో ఆగకుండా బరంపురం పెద్దాసుపత్రికో విశాఖ కేజీహెచ్‌కో, ఏది దగ్గరైతే దానికి బయలుదేరండి. వెళ్లేటప్పుడు వాడుతున్న సీసా, స్ట్రిప్పులు, పసరు పొట్లం, ఏవైనా సరే సంచిలో వేసుకుని తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి. చెబితే తిడతారని దాచొద్దు.